నలభై ఒకటి

మా ఆయన నిద్రల నంబర్లు మాట్లాడ్తడు.
పెండ్లైన కొత్తల, ఎవరి ఫోన్ నంబరో అనుకొని
తెల్లారెదాక ముఖం ముడుచుకొని కూసున్న.

తర్వాత తెలిసింది.
నల్లగొండ కంట్రోల్ రూముల సెట్టు ముందట
పద్దెనిమిదేండ్లు కూసున్న మనిషి.
చెవి మీద హెడ్‌ఫోను కాసిన కాయ,
ఏ మాట అన్నా కొసకు సగం "ఓవర్".

నా మిషను సొరుగుల రెండు నోటుబుక్కులు.
ఒకటి నాది, క్వార్టర్ల ఆడోళ్ల జాకీట్ల కొలతలు:
మె ఏడు, చే పది, భు అయిదున్నర, లోపల అస్తరు.
పేర్లు రాయను.
"పచ్చ పట్టు, మూడో బ్లాకు" అంటె నాకు తెలుస్తది.
ఇంకోటి ఆయనది, అట్ట ఊసిపోతె నేనే దారంతో కుట్టిన:
ఏడు, చాయ్‌కి దిగినం.
పన్నెండు, పక్కన జనం ఉన్నరు, పేర్లు తియ్యకు.
ఇరవై రెండు, తాగి లొల్లి.
ముప్పై, బర్లు రోడ్డు మీద.
నలభై, దెబ్బలు తాకినయి, మాట్లాడ్తున్నడు.
నలభై ఒకటికి ఎదురుగ ఏం రాసి లేదు.
గీత ఒక్కటే.

ఇదేందయ్యా అని అడిగితె
"నలభై సదివినంక అర్థమైతది గద" అన్నడు.

ఇంట్ల గూడ అలవాటైంది.
అత్తమ్మ ముందట చిట్టీ పైసల ముచ్చట తీస్తె
నేను "పన్నెండు" అంట, ఆయన నోరు మూస్తడు.
చిన్నోడు చెంచా నోటికాడ పెట్టుకొని
"కంట్రోల్, కంట్రోల్, ఉప్మాల ఉప్పు లేదు, ఓవర్."
నవ్వినం గా రోజులు.

హాలియా వాగు లోలెవల్ బ్రిడ్జి మీంచి పారిన రాత్రి
సెట్టు మీద పది గొంతులు ఒక్కసారే.
డిండి దిక్కు బస్సు ఆగింది.
దామరచర్ల కాడ కరెంటు తీగ తెగి పడ్డది.
పెద్దసారు లైన్ల ఉన్నడు, అందరు జరుగుండ్రి అన్నరు.
ఆ నడుమ సన్నగ ఒక గొంతు,
కట్టెబోయిన ఇద్దయ్య, హోంగార్డు,
చేతిసెట్టు, బ్యాటరీ ఒక్క గీత:
"కంట్రోల్, నాకు మోకాళ్ల దాక..."
మా ఆయన అన్నడు, "స్టాండ్‌బై."

రూలు ప్రకారమే అన్నడు.
నాలుగు నిమిషాలు. లాగ్‌బుక్కుల ఉన్నది,
ఒంటిగంట పదకొండు, ఒంటిగంట పదిహేను.
ఎంక్వైరీల తప్పు లేదని సంతకాలు పెట్టిండ్రు.

ఇద్దయ్య ఆగిండు.
ఆగమన్నరు గద.

తెల్లారి నీళ్లు గుంజినంక
తుమ్మకంప కాడికెల్లి ఒక్క నంబరే వచ్చింది.
ఆయన "రోజర్" అని, టైము రాసి,
పెన్నుకు మూత పెట్టి, డ్యూటీ దిగి ఇంటికొచ్చి
చొక్కా విప్పి నా చేతికిచ్చిండు,
గుండీ ఊసింది, కుట్టు అని.
అన్ని గుండీలు ఉన్నయి.
అయినా దారమెక్కించి ఒకటి మల్ల కుట్టిన.

దసరాకు ముందు పారిజాత వచ్చింది,
ఇద్దయ్య పెండ్లాం, పాత జాకీటు తెచ్చి
రెండు దిక్కుల రెండేసి అంగుళాలు పట్టమన్నది.
చిక్కిపోయింది.
ఆ రోజు నా బుక్కుల కొలత పక్కన
ఇంటిపేరుతో సహా పేరు రాసిన.
పైసలు తీసుకోకుంటె ఊకోలేదు,
యాభై మిషను మీద పెట్టి పోయింది.

ఇప్పుడు నిద్రల నంబర్లు లేవు.
"ఇద్దయ్యా, గో అహెడ్.
ఇద్దయ్యా, నీ మెసేజ్ చెప్పు."
అని ఆగుతడు.
ఫ్యాను గరగర తప్ప ఏం వినరాదు.
ఆయన మటుకు చెవి పెట్టి వింటనే ఉంటడు.

ఒకనాడు ఉండబట్టక, చీకట్ల
గొంతు లావు జేసుకొని "రిసీవ్డ్" అన్న.
కండ్లు తెరవకుంటనే అడిగిండు,
"నీ కాల్‌సైన్ ఏంది?"

ఏం చెప్పాల్నో తెల్వలే.
నల్లా వచ్చే టైమైంది,
లేచి బిందెలు పెట్టిన.